70 తీసుకుంటుంది, 75 తీసుకోదు: జీడిపప్పు ఫ్యాక్టరీలో ఒక సీరియల్ పోర్ట్ కేసు

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ ప్రాంతంలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో జరిగిన కేసు ఇది. ఫ్యాక్టరీని, అక్కడి మనుషుల్ని, సాఫ్ట్‌వేర్ రాసిన సంస్థను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. బైట్ల (0 నుంచి 255 వరకు ఉండే అంకెల) విలువలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. కావాలంటే ఎవరైనా సీఆర్‌సీ (సందేశం దారిలో చెడిందో లేదో తెలియడానికి, దాని బైట్ల నుంచి లెక్కగట్టి చివర చేర్చే అంకెలు) లెక్క వేసి సరిచూసుకోవచ్చు.

పలాస వైపు తెలియనివాళ్ల కోసం పని గురించి కొంచెం చెప్పాలి. జీడి పిక్కల్ని ఆవిరిలో ఉడికించి, కోసి, లోపలి పప్పు తీస్తారు. ఆ పప్పు మీద ఎర్రటి పొర ఉంటుంది. అది ఊడి రావాలంటే పప్పును బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, ట్రేల మీద పేర్చి గంటల తరబడి ఆరబెట్టాలి. వేడి 70 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. తక్కువైతే పొర అంటుకుపోతుంది, ఎక్కువైతే పప్పు మాడి రంగు మారుతుంది. మాడిన పప్పుకు గ్రేడ్ పడిపోతుంది. పొర అంటుకున్న పప్పును చాకుతో గీకాల్సి వస్తే గుండు పప్పు కాస్తా బద్దలవుతుంది. పొట్టు తీసే ఆడవాళ్లకు ఇక్కడ కిలో లెక్కన కూలి. కాబట్టి బోర్మా వేడి తప్పితే యజమానికి రేటు పోతుంది, వాళ్లకు కూలి పోతుంది.

ఈ ఫ్యాక్టరీలో రెండు బోర్మాలు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో టెంపరేచర్ కంట్రోలర్ ఉంది. రెండింటినీ ఒకే ఆర్‌ఎస్-485 తీగ (బైట్లను ఒకదాని తర్వాత ఒకటిగా పంపే, పలు పరికరాలు పంచుకునే సీరియల్ లింకు) మీద కలిపి, ఆఫీసు గదిలోని విండోస్ కంప్యూటర్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా తగిలించారు. వేగం సెకనుకు 9600 బిట్లు. కంట్రోలర్లు మాట్లాడే పద్ధతి మోడ్‌బస్ ఆర్‌టీయూ. 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాల్ని నడిపే కంప్యూటర్ల) కోసం తెచ్చిన మోడ్‌బస్ ఇప్పటికీ ఇలాంటి చిన్న పరికరాల్లో చాలావాటిలో నడుస్తోంది. సూపర్‌వైజర్ కంప్యూటర్‌లో లాట్‌ను బట్టి డిగ్రీలు కొడితే, అది కంట్రోలర్‌లో సెట్ పాయింట్‌గా, అంటే నిలబెట్టాల్సిన వేడిగా, పడాలి. ఆ ప్రోగ్రాంను బయటి సంస్థ సీ షార్ప్ భాషలో రాసిచ్చింది. నన్ను పిలిచేసరికి ఆ సంస్థతో సంబంధం తెగిపోయింది, సోర్స్ కోడ్ మాత్రం యజమాని దగ్గర ఉంది.

వచ్చిన ఫిర్యాదు

నాకు ఫోన్‌లో చెప్పిన మాట "అప్పుడప్పుడూ పనిచేయడం లేదు" అని. సీరియల్ కేసుల్లో ఈ మాట విన్నప్పుడు తొందరపడి నమ్మకూడదని నా అభిప్రాయం. "అప్పుడప్పుడూ" అంటే చాలాసార్లు "ఎప్పుడో ఇంకా కనిపెట్టలేదు" అనే అర్థం. అందుకే అక్కడికి వెళ్లాక ముందు కంప్యూటర్ దగ్గర కూర్చోకుండా బోర్మా చూసుకునే పెద్దాయన దగ్గరకు వెళ్లాను.

ఆయన ఒక చిన్న నోట్‌బుక్ తీసి చూపించాడు. ఆఫీసు నుంచి ఫలానా డిగ్రీలు పెట్టామని ఫోన్ రాగానే, కంట్రోలర్ మీద ఆ అంకె పడిందో లేదో చూసి రాసుకున్నాడు. పడితే అంకె పక్కన టిక్కు, పడకపోతే అడ్డగీత. పడని రోజు కంట్రోలర్ బటన్లు నొక్కి తనే చేత్తో మార్చేవాడు. "డెబ్బై అంటే తీసుకుంటాది బావూ, డెబ్బయ్యయిదంటే ఇనదు. ఎన్నిసార్లు కొట్టినా ఇనదు" అన్నాడు.

పేజీలు తిప్పితే ఆయన మాట నిజమే. 70కి అన్నీ టిక్కులే. 75కి అన్నీ అడ్డగీతలే. 72కి, 65కి కూడా అడ్డగీతలే. 74కి టిక్కు. ఒకే అంకెకు ఒకసారి టిక్కు, మరోసారి అడ్డగీత ఉన్న చోటు ఒక్కటి కూడా లేదు. ఇది అప్పుడప్పుడూ వచ్చే సమస్యే కాదు, విలువను బట్టి వచ్చే సమస్య. కేసులో సగం ఆ నోట్‌బుక్‌లోనే తేలిపోయిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆయన అలా రాసి పెట్టకపోతే తీగల చుట్టూ చాలా తిరగాల్సి వచ్చేది.

ఆఫీసు స్క్రీన్ మీద మాత్రం అన్నిటికీ ఆకుపచ్చ రంగులో "పంపబడింది" అనే వస్తోంది. అది చూసి సూపర్‌వైజర్ 75 పడిందనుకుంటాడు. పెద్దాయన బోర్మా దగ్గర లేని రాత్రి షిఫ్టులో కంట్రోలర్ పాత 70 మీదే నడుస్తుంది. తెల్లారి పొర అంటుకున్న పప్పు బయటకొస్తుంది. ఆ పప్పు గురించి పొట్టు తీసే సెక్షన్‌లో రోజూ గొడవే.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికి అక్కడి ఎలక్ట్రీషియన్, పాత సంస్థ కుర్రాళ్లు చాలానే ప్రయత్నించారు. వాటిని తీసిపారేయడానికి కాదు, ఒక్కోటి ఎందుకు పనిచేయలేదో తెలుసుకుంటే దారి దొరుకుతుంది కాబట్టి రాస్తున్నాను.

మొదట తీగను అనుమానించారు. షీల్డ్ ఉన్న కేబుల్ వేశారు, చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టారు, కన్వర్టర్ మార్చారు. ఫ్యాక్టరీలో మోటార్లు, బ్లోయర్లు ఉన్నాయి కాబట్టి నాయిస్ (వాటివల్ల తీగలో పుట్టే విద్యుత్ అలజడి) అని అనుకోవడం సహజం. కానీ నాయిస్‌కు 70 ఏదో 75 ఏదో తెలియదు. తీగలో దోషం ఉంటే 70 కూడా ఒక్కోసారి పోవాలి, 75 కూడా ఒక్కోసారి పడాలి. పైగా రెండు బోర్మాలు తీగ మీద వేర్వేరు దూరాల్లో ఉన్నాయి, అయినా రెండింటిలోనూ అవే అంకెలు పడుతున్నాయి, అవే అంకెలు పడడం లేదు. దాంతో నేను తీగను పక్కన పెట్టేశాను.

తర్వాత కంట్రోలర్‌లో గరిష్ఠ పరిమితి ఏదో పెట్టి ఉందనుకున్నారు. 75 పడకపోవడానికి ఆ కారణం సరిపోతుంది కానీ, 74 పడి 72 పడకపోవడానికి సరిపోదు. బటన్లతో 75 పెడితే కంట్రోలర్ హాయిగా తీసుకుంటోంది కూడా. దాంతో కంట్రోలర్ కూడా పక్కకు వెళ్లింది.

మూడోది ఆసక్తికరమైనది. బైట్లన్నీ ఒకేసారి పంపితే కంట్రోలర్ అందుకోలేకపోతోందేమో అని, ఒక్కో బైటు మధ్య 50 మిల్లీ సెకన్లు ఆగేలా కోడ్ మార్చారు. దాంతో అంతకుముందు పడుతున్న 70 కూడా ఆగిపోయింది! మోడ్‌బస్ ఆర్‌టీయూలో సందేశం ముగిసిందని చెప్పడానికి ప్రత్యేకమైన గుర్తు ఏదీ ఉండదు, తీగ మీద నిశ్శబ్దమే గుర్తు. మూడున్నర బైట్ల కాలం, అంటే 9600 వేగంలో దాదాపు 4 మిల్లీ సెకన్లు, ఏమీ రాకపోతే సందేశం అయిపోయినట్టు లెక్క. 50 మిల్లీ సెకన్లు ఆగితే ప్రతి బైటూ ఒక విడి సందేశమైపోతుంది. ఆ మార్పును వెంటనే వెనక్కి తీసుకున్నారు, కానీ అది ఏం చెబుతోందో ఎవరూ పట్టించుకోలేదు: కంట్రోలర్ ఆర్‌టీయూ నియమాల్ని కచ్చితంగా పాటిస్తోంది. అంటే అది 75ను తీసుకోకపోవడానికీ నియమం ప్రకారమే ఏదో కారణం ఉండాలి.

ఆ నియమం ఏమిటంటే, సీఆర్‌సీ తప్పిన సందేశానికి పరికరం జవాబివ్వదు. తప్పని కూడా చెప్పదు. ఊరుకుంటుంది.

లాగ్ ఎందుకు ఉపయోగపడలేదు

ఇక కోడ్ దగ్గరకు వచ్చాను. సెట్ పాయింట్ మార్చే సందేశంలో ఎనిమిది బైట్లు: కంట్రోలర్ నంబరు, 6 అనే ఆదేశం, రిజిస్టర్ (కంట్రోలర్‌లో విలువ దాచే గది) చిరునామాకు రెండు, విలువకు రెండు, చివర సీఆర్‌సీకి రెండు. ఒకటో బోర్మాకు 70 పంపాలంటే 1, 6, 0, 0, 0, 70, 8, 56. అదే 75 అయితే 1, 6, 0, 0, 0, 75, 201, 253.

ప్రోగ్రాం లాగ్ ఫైల్‌లో సరిగ్గా ఇవే ఉన్నాయి. సీఆర్‌సీ నేను విడిగా లెక్కవేసి చూశాను, తప్పు లేదు. పాత సంస్థ వాళ్లు ఇక్కడే ఆగిపోయి "మా వైపు నుంచి సరిగ్గానే వెళ్తోంది" అని చెప్పారట. వాళ్ల లాగ్ ప్రకారం అది నిజమే. కానీ ఆ లాగ్ రాసే లైను, పోర్టుకు పంపే లైనుకు పైన ఉంది. అంటే అది పంపబోయేది చెబుతుంది తప్ప, పోయింది ఏమిటో చెప్పదు. పోర్టు లోపల ఇంకా ఏం జరుగుతుందో దానికి తెలిసే అవకాశమే లేదు.

అందుకని తీగ మీదకు వెళ్లింది ఏమిటో చూడాలని నిర్ణయించుకున్నాను. కంట్రోలర్ల తీగ ఊడదీసి, నా లాప్‌టాప్‌కు ఇంకో ఆర్‌ఎస్-485 కన్వర్టర్ పెట్టి, రెండు కన్వర్టర్లనూ ఏ-కి ఏ, బీ-కి బీ కలిపాను. లాప్‌టాప్‌లో వచ్చిన బైట్లను అంకెలుగా చూపే టెర్మినల్ ప్రోగ్రాం తెరిచాను. ఆఫీసు కంప్యూటర్‌లో 70 కొట్టించాను. 1, 6, 0, 0, 0, 70, 8, 56 వచ్చింది. 75 కొట్టించాను.

1, 6, 0, 0, 0, 75, 63, 63.

201 లేదు, 253 లేదు. రెండు చోట్లా 63. అక్షరాలకు అంకెలిచ్చే ఆస్కీ పట్టికలో 63 అంటే ప్రశ్నార్థకం.

అసలు కారణం

కోడ్‌లో సందేశాన్ని స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, కట్టారు. ప్రతి అంకెనూ అక్షరంగా మార్చి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి, ఆ స్ట్రింగ్‌ను సీరియల్‌పోర్ట్ క్లాస్‌లోని రైట్ ఫంక్షన్‌కు ఇచ్చారు. డాట్‌నెట్‌లో (సీ షార్ప్ ప్రోగ్రాంలు నడిచే వేదికలో) స్ట్రింగ్ అంటే యూనికోడ్ అక్షరాల వరుస, దాన్ని తీగ మీద పంపాలంటే ముందు బైట్లుగా మార్చాలి. ఆ మార్పుకు ఏ ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా మార్చే పద్ధతి) వాడాలో మనం చెప్పకపోతే సీరియల్‌పోర్ట్ ఆస్కీ వాడుతుంది. ఆస్కీ ఏడు బిట్ల పట్టిక, 0 నుంచి 127 వరకే. 128, ఆపైన ఉన్న ప్రతి అక్షరం స్థానంలో అది ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. ఎర్రర్ ఇవ్వదు. రైట్ ఫంక్షన్ మామూలుగానే ముగుస్తుంది, స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగు వస్తుంది.

మొదటి ఆరు బైట్లూ ఇక్కడ ఎప్పుడూ 128 లోపే. కాబట్టి పడటం, పడకపోవడం అంతా సీఆర్‌సీ చేతిలో ఉంది. రెండు సీఆర్‌సీ బైట్లూ 127 దాటకపోతే సందేశం క్షేమంగా చేరుతుంది. ఏ ఒక్కటి దాటినా పోతుంది. క్షేమంగా చేరే అవకాశం సుమారుగా నాలుగింట ఒక వంతు. 65 నుంచి 80 వరకు ప్రతి విలువకూ లెక్కవేస్తే సరిగ్గా నాలుగే బయటపడ్డాయి: 69, 70, 73, 74. నోట్‌బుక్‌లో టిక్కు ఉన్న అంకెలన్నీ ఈ నాలుగింటిలోవే. రెండో కంట్రోలర్‌కు సీఆర్‌సీలు వేరు, 75కు 201, 206 వస్తుంది, అయినా ఈ పరిధిలో బయటపడేవి మళ్లీ ఆ నాలుగే.

76 దగ్గర ఒక చిన్న తిరకాసు ఉంది. ఒకటో బోర్మాకు 76 పంపితే సీఆర్‌సీ 136, 63. ఆ 63 నిజమైన 63. తీగ మీద 63, 63 కనిపిస్తుంది కానీ మారిపోయింది మొదటిది ఒక్కటే. తీగ మీద 63 కనబడగానే ఎన్‌కోడింగ్ తప్పని తేల్చేయకుండా, పంపాల్సిన దానితో పక్కపక్కన పెట్టి పోల్చాలని అందుకే అంటాను.

ఇంకో విషయం కూడా ఆలోచించాల్సినది. ఈ కంట్రోలర్‌ను దశాంశం లేని డిగ్రీలకు సెట్ చేశారు. దశాంశంతో పెట్టి ఉంటే 70.0 అనేది 700గా, అంటే 2, 188 అనే రెండు బైట్లుగా వెళ్లేది. 64.0 నుంచి 76.7 వరకు ప్రతి విలువలోనూ రెండో బైటు 128కి తగ్గదు. అప్పుడు మొదటి రోజే ఏదీ పడేది కాదు, పాత సంస్థ వాళ్లే పట్టుకునేవాళ్లు. 70 పడటం వల్లే "లింకు బాగానే ఉంది" అనే నమ్మకం కుదిరింది. ఇన్‌స్టాల్ చేసిన రోజు పరీక్షించింది 70తోనే అని తర్వాత తెలిసింది.

దిద్దుబాటు: ఏది ఎందుకు

సులువైన దారి ఒకటి కనిపిస్తుంది: ఎన్‌కోడింగ్ మార్చేయడం. పాత కోడ్‌లో ఒకచోట యూటీఎఫ్-8 పెట్టి, కామెంట్ చేసి (పనిచేయకుండా చేసి) వదిలేసిన లైను ఉంది. ఎవరో ఆ వైపు ఆలోచించారన్నమాట. కానీ యూటీఎఫ్-8లో 127 దాటిన అక్షరం ఒక బైటుగా వెళ్లదు. 201 స్థానంలో 195, 137 వెళ్తాయి, 253 స్థానంలో 195, 189 వెళ్తాయి. ఎనిమిది బైట్ల సందేశం పదవుతుంది. దాన్నీ కంట్రోలర్ పారేస్తుంది.

లాటిన్-1 పెడితే మాత్రం పనిచేస్తుంది. అందులో 0 నుంచి 255 వరకు అక్షరం నంబరూ బైటు విలువా ఒకటే. ఒక్క లైను మార్పుతో పనైపోయేది, యజమానికి కావాల్సింది కూడా త్వరగా అయిపోవడమే. అయినా నేను అది ఎంచుకోలేదు. అంకెను అక్షరం చేసి, మళ్లీ ఆ అక్షరాన్ని అంకె చేయడంలో మనకు వచ్చే లాభం ఏమీ లేదు. రేపు ఇంకెవరో ఆ ఎన్‌కోడింగ్ లైను ఎందుకుందో తెలియక తీసేస్తే, మళ్లీ రాత్రి షిఫ్టులో పప్పు పాడవుతుంది.

కాబట్టి స్ట్రింగ్‌ను పూర్తిగా తీసేసి, ఎనిమిది బైట్ల అర్రే (బైట్ల వరుస) కట్టి, రైట్ ఫంక్షన్‌కు బైట్ అర్రే, మొదలు, ఎన్ని అనే మూడూ ఇచ్చాను. ఈ రూపంలో ఎన్‌కోడింగ్ అసలు రంగంలోకే రాదు. ఇక్కడ ఒక జాగ్రత్త: రైట్‌కు క్యారెక్టర్ అర్రే తీసుకునే రూపం కూడా ఉంది. చూడటానికి ఇలాగే ఉంటుంది, కానీ అది కూడా ఎన్‌కోడింగ్ గుండానే వెళ్తుంది.

రెండో మార్పు నా దృష్టిలో మొదటిదానికంటే ముఖ్యమైనది. 6వ ఆదేశానికి కంట్రోలర్ అదే సందేశాన్ని తిరిగి పంపుతుంది. పాత ప్రోగ్రాం దాన్ని చదివేదే కాదు. చదివి ఉంటే ఏ కారణం వల్ల పడకపోయినా మొదటి రోజే ఎర్రగా కనిపించేది. ఇప్పుడు పంపాక ఎనిమిది బైట్లు వచ్చేవరకు చదివి, పంపినదానితో పోల్చి, సరిపోతేనే ఆకుపచ్చ చూపిస్తుంది. గడువులోగా రాకపోతే మళ్లీ పంపుతుంది. అయినా రాకపోతే ఎరుపు రంగు, బజర్. చదివేటప్పుడు కూడా బైట్ అర్రే రూపమే వాడాలి. వచ్చినదాన్ని స్ట్రింగ్‌గా ఇచ్చే రీడ్ఎగ్జిస్టింగ్ ఫంక్షన్ వాడితే వచ్చే బైట్లు కూడా అదే ఆస్కీ గుండా వెళ్లి ప్రశ్నార్థకాలవుతాయి. ఒక్క రీడ్‌లోనే ఎనిమిదీ వస్తాయన్న హామీ లేదు కాబట్టి, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకుంటూ లూప్‌లో చదవాలి.

మార్చాక 65 నుంచి 80 వరకు వరసగా పంపించాం. పెద్దాయన బోర్మా దగ్గర నిలబడి ఒక్కో అంకె పైకి చదువుతుంటే సూపర్‌వైజర్ ఆఫీసులో ఫోన్ పట్టుకుని సరిచూశాడు. 75 పడ్డప్పుడు "ఇన్నాది, ఇన్నాది!" అని ఫోన్‌లో అరిచాడు పెద్దాయన.

ఆ తర్వాత పనుల్లో వాడుతున్న పరీక్ష

ఇలాంటి పని ఏది ఒప్పుకున్నా, పరికరం తగిలించక ముందే 0 నుంచి 255 వరకు 256 బైట్లూ వరసగా పంపి, అటు చివర అవే వరసలో వచ్చాయో లేదో చూస్తున్నాను. ఆర్‌ఎస్-232 అయితే తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులు కలిపేస్తే పంపింది తిరిగి వస్తుంది. రెండు తీగల ఆర్‌ఎస్-485 అయితే రెండు కన్వర్టర్లు కావాలి. వచ్చింది చూస్తే జబ్బు ఏదో తెలిసిపోతుంది. 128 నుంచి అన్నీ 63 అయితే ఆస్కీ. 128 నుంచి ఒక్కోటి రెండేసి బైట్లయితే యూటీఎఫ్-8. 17, 19 మాయమైతే సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉంది, ఎందుకంటే ఆ రెండూ దానికి వరసగా సాగు, ఆగు సంకేతాలు.

పైథాన్‌లో రాసేవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. అక్కడ సీరియల్ పోర్టుకు వాడే పైసీరియల్‌కు పైథాన్ 3లో స్ట్రింగ్ ఇస్తే నిశ్శబ్దంగా మార్చదు, ఎర్రర్ ఇస్తుంది. అక్కడ జరిగే పొరపాటు వేరు: బైట్స్ ఫంక్షన్‌కు 75 అనే అంకెను లిస్టులో పెట్టకుండా నేరుగా ఇస్తే 75 విలువున్న ఒక బైటు రాదు, 75 సున్నాలు వస్తాయి.

ఈ ఫ్యాక్టరీలోనే ఆ పరీక్ష మరోసారి అక్కరకొచ్చింది. కొంతకాలానికి యజమాని ఆఫీసు కంప్యూటర్ బదులు బోర్మాల దగ్గరే చిన్న లినక్స్ బోర్డు పెట్టాలనుకున్నారు. ఇంజినీరింగ్ చదువుతున్న వాళ్ల బంధువుల కుర్రాడు సీలో ప్రోగ్రాం రాశాడు. బైట్లు బైట్లుగానే పంపాడు, స్ట్రింగ్ ఎక్కడా లేదు. అయినా 256 పంపితే 257 వచ్చాయి. 10 ఉన్నచోట 13, 10 వచ్చింది. లినక్స్ పోర్టును మామూలుగా తెరిస్తే టెర్మినల్‌లాగే చూస్తుంది, కొత్త లైను గుర్తు అయిన 10కి ముందు 13 చేరుస్తుంది. రెండో బోర్మాకు 69 పంపే సందేశం 72, 10తో ముగుస్తుంది. ఆ ఒక్క అంకె, ఆ ఒక్క బోర్మాలోనే పడేది కాదు. "అన్నా, పోర్టు తెరవగానే రా మోడ్ పెట్టాలా?" అని కుర్రాడు అడిగాడు. అవును, బైట్లను మార్చకుండా పంపే ఆ రా మోడ్‌కు సెట్టింగులు సిద్ధం చేసే సీఎఫ్‌మేక్‌రా ఫంక్షన్‌ను పిలిచి, సెట్టింగులు పోర్టుకు రాసి, అప్పుడు మళ్లీ పంపించు అన్నాను. 256 పంపితే 256 వచ్చాయి. ఆ తర్వాతే కంట్రోలర్ల తీగ తగిలించాం.